ఐసు లారీ కబురు

ఒక ఆఫీసులోనో ఫ్యాక్టరీలోనో ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఎవరి మాట ఎవరికి చేరుతుంది అన్నది రాసుకోవడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా అదే పని. వినడానికి పనిలేని పనిలా ఉంటుందని నాకూ తెలుసు. మా అమ్మ మా ఊరు సంగంలో వరి నాట్లకు కూలీలను పిలుచుకొచ్చే మనిషి. ఏ ఇంటికి పోయి ఒక మాట చెబితే ఎంతమంది వస్తారో ఆమెకు కంఠతా వచ్చు. అలాంటిది కనిపెట్టినందుకు నాకు నెలనెలా జీతం ఇస్తున్నారంటే నవ్వేది. "దానికి చదువెందుకు మే, నన్నడిగితే చెప్పనా" అనేది. అప్పట్లో నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు అమ్మ లేదు, ఒళ్లు మండే ఓపికా లేదు.

పని ఇలా ఉంటుంది. ఒక చోట పనిచేసే వాళ్లందరినీ కూర్చోబెట్టి మూడు నాలుగు ప్రశ్నలు అడుగుతాను. పనిలో తికమక పడితే ఎవరి దగ్గరికి వెళ్తారు, కొత్త సంగతి ఏదైనా ఉంటే మీకు ముందుగా ఎవరు చెబుతారు, కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేస్తారు. మనిషికో చుక్క పెట్టి, మాటకో గీత గీసి, కంప్యూటర్లో బొమ్మ వేస్తాను. ఎక్కడికి పోయినా దాదాపు అదే బొమ్మ. మగవాళ్ల గీతలు పైకి పోతాయి. ఆడవాళ్ల గీతలు ఆడవాళ్ల మధ్యనే తిరుగుతాయి. పని ఎంత బాగా చేసినా పైకి పోయే గీత లేని చుక్క ఉన్నచోటే ఉండిపోతుంది. బ్యాంకులో చూశాను, ఆస్పత్రిలో చూశాను, పాల సొసైటీలో చూశాను. ఇంత వివరంగా చూపించాక ఎవరో ఒకరు ఏదో ఒకటి మారుస్తారని నమ్మే వయసు నాకూ ఒకప్పుడు ఉండింది.

నేను పాఠాలు చెప్పే కాలేజీ ఏమీ మినహాయింపు కాదు. డిపార్టుమెంటు మీటింగు అయిపోగానే మగవాళ్లంతా గేటు ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గరికి పోతారు. అసలు మీటింగు అక్కడే. ఏ కమిటీలో ఎవరుండాలి, ఎవరి ఫైలు ముందు కదలాలి అన్నవి అక్కడ తేలాక, తర్వాతి మీటింగులో మాకు చదివి వినిపిస్తారు. ఒకసారి పట్టుబట్టి నేనూ వెళ్లాను. నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి. ఒకాయన లేచి, జేబురుమాలు తీసి బెంచీ తుడిచి, కూర్చోండి మేడమ్ అన్నారు. ఇంకొకాయన ఎండల సంగతి ఎత్తుకున్నారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎండల గురించే మాట్లాడుకున్నాం. బెంచీ తుడిచిన ఆ మర్యాదకు భయపడి నేను మళ్లీ వెళ్లలేదు. నా పదోన్నతి ఫైలు అప్పటికే ఏడేళ్లుగా మూలుగుతోంది. మంచి పత్రికలో మంచి పేపరు ఒక్కటి పడితే చాలు మేడమ్ అని మా హెడ్డు గారు జాలిగా అనేవారు. నా తర్వాత చేరిన ఇద్దరు ఆ మంచి పేపరు లేకుండానే నన్ను దాటి వెళ్లిపోయారు.

అలాంటి రోజుల్లో బోగోలు వైపు, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక రొయ్యల కంపెనీ వాళ్లు మా కాలేజీకి వచ్చారు. గుంటల్లో రొయ్యలు పట్టించి, తలలు తీయించి, పొట్టు వలిపించి, గడ్డకట్టించి విదేశాలకు పంపే కంపెనీ. వలిచేవాళ్లంతా ఆడవాళ్లే, వాళ్ల మీద సూపర్‌వైజర్లంతా మగవాళ్లే. ఆడవాళ్లను పై పనుల్లోకి ఎందుకు తీసుకోవడం లేదని అక్కడ కొనేవాళ్లు అడగడం మొదలుపెట్టారట. ఎవరైనా చదువుకున్న మనిషి వచ్చి చూసి రిపోర్టు రాసిస్తే, దాన్ని బట్టి ఒక ఆడమనిషిని సూపర్‌వైజరు చేస్తామన్నారు. ఆ చలిలో, ఆ నీచు వాసనలో నిలబడడానికి మావాళ్లు ఎవరూ ఉబలాటపడలేదు. అందుకని ఆ పని నాకొచ్చింది.

వారానికి రెండు రోజుల చొప్పున నాలుగు నెలలు తిరిగాను. నెల్లూరులో కావలి బస్సెక్కడం, దారిలో దిగడం, బోగోలు మీదుగా షేర్ ఆటోలో ఒళ్లు హూనం చేసుకుంటూ పోవడం. లోపలికి పోయేముందు గమ్‌బూట్లు, ఆప్రాన్, టోపీ, మాస్కు. కళ్లు తప్ప మనిషి కనబడదు. టోపీ రంగును బట్టే ఎవరేమిటో తెలియాలి. వలిచేవాళ్లకు నీలం, సూపర్‌వైజర్లకు తెలుపు. పొడవాటి స్టీలు టేబుళ్లు ఆరు, టేబులుకు పదేసి మంది ఆడవాళ్లు. ఒక టేబులు వాళ్లంతా ఒకే ఊరివాళ్లు, ఒకే ఆటోలో వస్తారు. ఐసు నీళ్లలో నాని నాని వాళ్ల వేళ్లు తెల్లగా పాలిపోయి, గోళ్ల పక్కన పగిలి ఉండేవి. ఒక గంట నిలబడితే నా మోకాళ్లు పట్టేసేవి. వాళ్లు పది గంటలు నిలబడేవాళ్లు.

అక్కడి పని పద్ధతి కాస్త చెప్పాలి. ఏ గుంటలో రొయ్యలు ఏ రోజు పడతారో రైతుకూ కంపెనీకీ మధ్య చివరిదాకా గుట్టుగా ఉంటుంది. ముందే పొక్కితే ఇంకో కంపెనీ వాడు నాలుగు రూపాయలు ఎక్కువ చెప్పి సరుకు తన్నుకుపోతాడని భయం. అందుకని రొయ్యల లోడు బయల్దేరాక గానీ ఆడవాళ్లకు ఫోన్ చేయరు. అది తెల్లారకముందే రావచ్చు, మిట్టమధ్యాహ్నం రావచ్చు. ఫోన్ వచ్చిన రెండు గంటల్లో గేటు దగ్గర ఉండాలి. ఆలస్యమైతే ఆ రోజుకు పని లేదు, తిరిగి పొమ్మంటారు. పొయ్యి మీద అన్నం, ఒళ్లో బిడ్డ, మంచంలో అత్త, ఇవన్నీ రెండు గంటల్లో సర్దుకోవాలి. సూపర్‌వైజర్లకు మాత్రం ముందురోజే తెలిసిపోతుంది. గుంటల దగ్గరుండే టీ అంగడిలో సాయంత్రాలు కూర్చునేది వాళ్లే. అక్కడికి ఏ ఆడమనిషీ పోదు. ఆ సంగతి విని నేను నవ్వుకున్నాను. నవ్వుకోక చేసేదేముంది.

మొదటి రెండు నెలలూ నాకు ఏమీ దొరకలేదు. భోజనాల వేళ రేకుల షెడ్డు కింద ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడిగితే, అందరిదీ ఒకటే జవాబు. కబురు ఎవరు చెబుతారంటే సూపర్‌వైజరు సారు. సందేహమొస్తే ఎవర్ని అడుగుతారంటే సూపర్‌వైజరు సారు. కాగితాలు నిండుతున్నాయి గానీ అందులో నిజం లేదని నాకు తెలుస్తూనే ఉంది. ఎందుకంటే కంపెనీ ఫోన్ చేసిన అరగంటకే అరవై మందీ తలలు దువ్వుకొని, అన్నం గిన్నెలు సంచిలో పెట్టుకొని రోడ్డు మీద నిలబడి ఉండేవాళ్లు. అరగంటలో వంట ఎవరికి అవుతుంది. వీళ్లకు ముందే తెలుస్తోంది. ఎలా తెలుస్తోందన్నదే నాకు అంతుపట్టలేదు. ఇంటికి పోయి మంచం మీద వాలినా అదే ఆలోచన.

మెల్లమెల్లగా ఒక్కొక్కరు నోరు విప్పారు. మాకు చెప్పేది నాలుగో టేబులు అక్క అన్నారు. ఆమెకు నలభై ఉంటాయి. పద్నాలుగేళ్లుగా అదే టేబులు దగ్గర నిలబడుతోంది. పొట్టి మనిషి, మాట నెమ్మది. రొయ్య చేతిలోకి తీసుకుంటే తూకం వేయకుండానే కిలోకు ఎన్ని తూగుతాయో చెప్పేది. ఎవరి వేలికి గాయమైనా, ఎవరు ఇంట్లో గొడవపడి వచ్చినా ఆమె దగ్గరికే పోయేవాళ్లు. సూపర్‌వైజర్లు కూడా కొత్త రకం ప్యాకింగు వస్తే ఆమెతోనే మిగతావాళ్లకు చెప్పించేవాళ్లు. చెప్పించాక ఆ మాట తామే చెప్పినట్టు రిజిస్టర్లో రాసుకునేవాళ్లు. నేను ఆమెను ముందు అడిగినప్పుడు, కబురు ముందే ఎలా తెలుస్తుందంటే, కాకి అరిచింది మేడమ్ అని నవ్వింది. సూపర్‌వైజర్లకు కూడా అదే చెబుతుందట.

ఒకరోజు పని లేనప్పుడు ఆమె ఇంటికి వెళ్లాను. మజ్జిగ ఇచ్చింది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే ఆమె ఫోను ఒక్కసారి మోగి ఆగింది. మళ్లీ మోగి ఆగింది. మూడోసారీ అంతే. ఆమె తిరిగి చేయలేదు. చేతులు తుడుచుకుని, గడప మీద కూర్చుని, టేబులుకు ఒకరి చొప్పున ఆరుగురికి ఫోన్లు చేసింది. ఫలానా ఆమె బిడ్డకు జ్వరమంట, ఆమె బదులు వాళ్ల తోడికోడల్ని పిలవండి. ఫలానా ఆమె పోయినసారి రాలేదు, ఈసారి ముందు ఆమెకు చెప్పండి. పది నిమిషాల్లో అయిపోయింది. ఎవరికి పని అవసరమో, ఎవరు రాలేరో, ఎవరి బదులు ఎవరో అన్నీ ఆమె తలలో ఉన్నాయి. నేను మజ్జిగ తాగడం మరిచిపోయి చూస్తూ కూర్చున్నాను. పద్దెనిమిదేళ్లుగా కాగితాల మీద వెతుకుతున్నది నా ముందు గడప మీద కూర్చుని ఉంది.

ఆ ఫోను ఎవరిదని అడిగాను. మాట మార్చింది. తర్వాతి వారం అడిగాను, మళ్లీ మార్చింది. మూడోసారి నా ముఖంలోకి కాసేపు చూసి, తలుపు దగ్గరికి వేసి వచ్చి చెప్పింది.

కావలి ఆస్పత్రిలో రెండో కాన్పుకు పోయినప్పుడు పక్క మంచం మీద ఒక ముస్లిం ఆమె ఉండిందట. ఇద్దరికీ ఒకేరోజు ఆడపిల్లలే పుట్టారు. ఇద్దరి ఇళ్లల్లోనూ చూడ్డానికి రావాల్సినవాళ్లు తీరిగ్గా వచ్చారు. ఆ మూడు రోజులూ ఒకరి బిడ్డను ఒకరు ఎత్తుకున్నారు. ఆ స్నేహం అలాగే ఉండిపోయింది. ఆమె రవికలు కుడుతుంది. ఆమె ఉండేది ఐసు ఫ్యాక్టరీ ఎదురిల్లు. మిషను వాకిట్లోనే వేసుకుని పొద్దస్తమానం అక్కడే ఉంటుంది. గుంట పట్టాలంటే ముందు గుంట దగ్గరికి ఐసు పోవాలి. ఫ్యాక్టరీ గేటులోంచి ఈ కంపెనీ ఐసు లారీలు ఎన్ని గుంటల దారి పడితే అన్ని మిస్డ్ కాల్స్. ఒకటంటే చిన్న గుంట, నాలుగు టేబుళ్లు చాలు. మూడంటే ఆరు టేబుళ్లకూ పని. లారీ పోయిన పది పన్నెండు గంటలకు లోడు కంపెనీకి వస్తుంది. రెండు గంటల్లో సర్దుకోవాల్సిన సంసారాన్ని ఈ ఇద్దరూ కలిసి పది గంటలకు సాగదీశారు. పసిబిడ్డల తల్లులు పని మానేయకుండా ఉన్నారంటే దానివల్లే.

"ఇంతవరకూ ఎవురికీ చెప్పలే మేడమ్. మా ఆయనక్కూడా తెలవదు. ఆడోళ్లకి కూడా నేను చెప్తానని తెలుసు గానీ నాకెవురు చెప్తారో తెలవదు" అంది.

తర్వాత అసలు సంగతి అడిగింది. ఆ సూపర్‌వైజరు పని తనకు వస్తుందా అని. వస్తే నెల జీతం ఉంటుంది, పీఎఫ్ ఉంటుంది, చేతులు ఐసులో పెట్టే పని తప్పుతుంది. వేళ్లు చూపించింది. ఇంకో నాలుగేళ్లకు మించి ఈ వేళ్లతో వలవలేనని డాక్టరు చెప్పాడట. నేను చాలా ధీమాగా, నా రిపోర్టు చూశాక నిన్ను కాదని ఇంకెవరికి ఇస్తారు అన్నాను. ఆ మాట నేను ఊరికే అనలేదు, నిజంగా నమ్మే అన్నాను. అదే ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఆ నెల నేను అలసట మరిచిపోయి పనిచేశాను. బొమ్మ అద్భుతంగా వచ్చింది. పేర్లేవీ పెట్టలేదు. పేర్లు బయటపెట్టకూడదన్న నియమం నాకు తెలుసు, పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. మనిషికో నంబరు ఇచ్చాను. చూడ్డానికి బాగుంటుందని, గుంపులు తెలుస్తాయని టేబులుకో రంగు వేశాను, ఒకరి బదులు వచ్చేవాళ్ల చుక్కలను మాత్రం లోపల ఖాళీగా వదిలాను. నడిమధ్యన ఒక ఆకుపచ్చ చుక్క, దాని నుంచి ఆరు రంగుల్లోకీ గీతలు. కంపెనీ ప్రహరీకి గుర్తుగా చుట్టూ ఒక గీత గీసి, ఆ గీతకు బయట ఒంటరిగా ఒక చుక్క పెట్టాను. బయటి చుక్క నుంచి ఆకుపచ్చ చుక్కకు ఒక గీత. దాని కింద, సరుకు రాక గురించిన సమాచారం ఐసు సరఫరాను గమనించే బయటి స్త్రీ ఒకరి నుంచి వస్తోందని రాశాను.

ఆ చుక్క తీసేద్దామా అని ఒకసారి అనిపించింది. ఆమె తలుపు దగ్గరికి వేసి చెప్పిన మాట అది. కానీ దాన్ని తీసేస్తే బొమ్మ చప్పగా ఉంది. పైకి పోయే దారి మూసేస్తే ఆడవాళ్లు పక్క దారి ఎలా వేసుకుంటారో చూపించేది ఆ ఒక్క చుక్కే. మా హెడ్డు గారు భుజం మీంచి తొంగిచూసి, ఇదండీ మంచి పేపరంటే అన్నారు. ఏడేళ్లలో ఆయన నాతో ఆ మాట అనడం అదే మొదలు. చుక్కను ఉంచేశాను. ఆమెకు ఒకసారి చూపించి అడుగుదామన్న ఆలోచన కూడా వచ్చింది. బోగోలు దాకా మళ్లీ ఎవరు పోతారులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, చూపిస్తే వద్దంటుందని తెలుసు.

కంపెనీ ఆఫీసులో రిపోర్టు చదివిన రోజు నాకు బాగా గుర్తు. ఏసీ గది, కాఫీ, జీడిపప్పు బిస్కెట్లు. మేనేజరు గారు, ఇంకో నలుగురు ఆఫీసర్లు. ఐదుగురూ నా కాగితం మీదికి వంగి శ్రద్ధగా విన్నారు. ఐదుగురు మగవాళ్లు మధ్యలో అడ్డం రాకుండా, ఫోన్లు చూసుకోకుండా నా మాట అంతసేపు వినడం నా జీవితంలో అదే మొదటిసారి. నాకు మాట మీద మాట వచ్చింది. నడుమనున్న ఆకుపచ్చ చుక్క గురించి చెప్పాను. ఇలాంటి మనిషి మీ దగ్గర ఉండగా సూపర్‌వైజరు కోసం వెతుక్కోవాల్సిన పనిలేదని చెప్పాను. మేనేజరు గారు తలూపి, వేలితో చుక్కలు లెక్కపెట్టి, ఆకుపచ్చ గుంపులో బదులుకు వచ్చేవాళ్లు ఇద్దరున్నారు, అలా ఇద్దరున్నది నాలుగో టేబులు ఒక్కటే అన్నారు. నాలుగో టేబులైతే నడుమ ఉండేది ఎవరో అక్కడున్న ఐదుగురికీ తెలుసు. నేను ఇచ్చిన నంబరు రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

ఆ తర్వాత ఆయన వేలు ప్రహరీ గీత దాటి బయటి చుక్క మీద ఆగింది. ఇది ఎవరు మేడమ్ అని మెల్లగా అడిగారు. పేరు చెప్పనన్నాను. అంతటితో ఊరుకుని ఉంటే కొంత మేలు. ఊరుకోలేదు. ఐసు లారీల సంగతి, మిస్డ్ కాల్స్ సంగతి, ఆ ఇద్దరు ఆడవాళ్ల తెలివి గురించి మెచ్చుకుంటూ వివరంగా చెప్పాను. వాళ్లు ముఖాలు చూసుకున్నారు. లారీలు ఎటు పోతున్నాయో బయటికి తెలిస్తే ఎంత నష్టమో మేనేజరు గారు నాకు ఓపికగా వివరించారు. కోప్పడలేదు. మంచి పని చేసినారు మేడమ్, ఇన్నాళ్లూ మాకిది తెలీదు అన్నారు. కారు ఇచ్చి నన్ను నెల్లూరు దాకా పంపించారు. ఆ కారులో వెనక్కి వాలి కూర్చున్నాను. పేరు మాత్రం చెప్పలేదు కదా అని సర్ది చెప్పుకున్నాను.

నెలన్నర తర్వాత కంపెనీ నుంచి ఒక ఫోటో వచ్చింది. తెల్ల టోపీ పెట్టుకుని నిలబడిన తొలి మహిళా సూపర్‌వైజరు. డిగ్రీ చదివిన చిన్నపిల్ల, అక్కడి ఆఫీసర్లలో ఒకరి చుట్టాలమ్మాయి. మీ రిపోర్టు వల్లే ఇది సాధ్యమైందని కింద రాశారు. ఆ ఫోటోను మా హెడ్డు గారు నోటీసు బోర్డు మీద పెట్టించారు. నేను నాలుగో టేబులు అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడు చేశాను, ఎత్తలేదు. నాలుగు రోజులు చేసి మానుకున్నాను. పనిలో ఉంటుందిలే అనుకున్నాను, పనిలో లేదని లోపల తోస్తున్నా అలా అనుకున్నాను.

పేపరు మంచి పత్రికలో పడింది. ఆ బొమ్మను, ముఖ్యంగా ఆ బయటి చుక్కను, చాలామంది మెచ్చుకున్నారు. నా ఫైలు కదిలింది. స్వీట్లు పంచారు. అందరూ చేతులు కలిపి, ఇన్నేళ్ల అన్యాయం తీరింది మేడమ్ అన్నారు. ఆ అన్యాయం ఎవరు చేశారో అడగాలనిపించింది గానీ, నోటి నిండా లడ్డూ ఉంది. ఆ వారమే బస్సెక్కి బోగోలు వైపు వెళ్లాను. పదోన్నతి వచ్చిన సంగతి ఆమెకు చెప్పడానికి కాదు. ఇంక వెళ్లకుండా ఉండలేక వెళ్లాను.

ఆమె ఇంటి ముందు చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచింది, కుర్చీ వేసింది. జరిగింది తనే చెప్పింది, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. రిపోర్టు ఇచ్చిన వారానికే, ఇకనుంచి ఎవరు పనికి రావాలో గేటు దగ్గర లిస్టు పెడతామన్నారు. లిస్టులో ఆమె పేరు లేదు. రెండో వారమూ లేదు. ఆమెతో ఫోన్లో మాట్లాడినవాళ్ల పేర్లు కూడా ఉండవని సూపర్‌వైజర్లు చెప్పారు. మొదట్లో పదిమంది ఇంటికొచ్చి కూర్చుని ఏడ్చారు. తర్వాత ఇద్దరొచ్చారు. తర్వాత ఎవరూ రాలేదు. వాళ్లను తప్పుపట్టలేదు, వాళ్లకూ పిల్లలున్నారు కదా అంది. ఐసు ఫ్యాక్టరీ వాళ్లకు కంపెనీ ఏం చెప్పిందో ఏమో, లారీలు ఇప్పుడు వెనక గేటు నుంచి పోతున్నాయి. మిషను దగ్గర కూర్చున్నామెకు ఏమీ కనబడదు. కంపెనీ ఫోన్ వచ్చిన రెండు గంటల్లో పరుగెత్తలేక పసిబిడ్డల తల్లులు నలుగురు పని మానేశారు.

నేను క్షమించమన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. మేనేజరుతో మాట్లాడతాను, ఉత్తరం రాస్తాను అన్నాను. ఆమె బియ్యం పక్కన పెట్టింది.

"ఈ కబురు యాడి నుంచి వస్తాదో చెప్పమని మా సార్లు ఎన్నిసార్లు అడిగినారో మీకు తెలవదు. అరిచినారు, ఆశ పెట్టినారు, ఒకసారి వారం రోజులు పని ఆపేసినారు. నేను నోరిప్పలే. మీకెందుకు చెప్పినానంటే, మీరు ఆడమనిషి గదా అని చెప్పినా. మీకు చెప్తే వాళ్లకి పోదనుకున్నా."

ఎవరు ఎవరికి చెబుతారు, ఆ మాట చివరికి ఎవరికి చేరుతుంది అన్నది ఇన్నేళ్లు చదివి, ఇన్ని బొమ్మలు గీసి, ఒక ఆడమనిషి గడప మీద చెప్పిన మాటను ఐదుగురు మగవాళ్లున్న ఏసీ గదిలోకి నేనే మోసుకుపోయాను. అరవై మంది ఆడవాళ్లలో ఒక్కరు కూడా చేయని పని అది.

ఇప్పుడెలా గడుస్తోందని అడిగాను. దూరంగా ఇంకో కంపెనీలో చేరిందట. కొత్త మనిషి కాబట్టి చివరి టేబులు దగ్గర నిలబెట్టారు, అక్కడ ఐసు నీళ్లు ఇంకా చల్లన. వేళ్ల సంగతి నేను అడగలేదు, బియ్యంలోంచి ఒక్క రాయి తీయడానికి రెండు చేతులూ వాడడం వచ్చినప్పుడే చూశాను. వెళ్లొస్తానని లేచాను. మళ్లీ వస్తాను అని కూడా అలవాటు కొద్దీ అన్నాను.

"రాబాకండి మేడమ్" అంది. కోపంగా అనలేదు. "మీరు కావాలని చేసినారని నేననలే. మీరొచ్చిపోయినారని ఆ కొత్త కంపెనీలో తెలిస్తే ఈ పని కూడా పోతాది. మీ ఫోన్లో నా నంబరుంటే తీసేయండి."

ఇంటికి వెళ్లి తీసేస్తానన్నాను. ఇప్పుడే తీసేయమంది. కళ్లద్దాలు పెట్టుకుని, వెతికి, ఆమె చూస్తుండగా తీసేశాను. ఆమె పక్కకొచ్చి ఫోనులోకి వంగి చూసింది. కాల్ లిస్టులో ఇంకా ఉంటుంది మేడమ్, అక్కడ కూడా తీసేయండి అంది. నాలుగు రోజులు నేను చేసిన కాల్సన్నీ ఒక్కొక్కటే తీసేశాను. అన్నీ పోయాయని చూసుకున్నాక, ఆమె కూర్చుని చేట ఒళ్లోకి తీసుకుంది.